కాంపౌండరే హంతకుడు

ఒక్క వాక్యం రాసి, కన్నకూతురి మొహం చూసే యోగాన్ని పోగొట్టుకోబోయిన ఘనుణ్ణి నేను. అదీ బాల్ పెన్నుతో!

ఆ రోజుల్లో బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి విశాఖ నుంచి ఎవరైనా ఒక తెలుగు డిటెక్టివ్ నవల తెస్తే, అది ఇరవై క్వార్టర్లు తిరిగేది. హంతకుణ్ణి పట్టడంలో నన్ను మించినవాడు లేడని నాకు పొగరు. మొదట్లో కనబడి, నోరెత్తకుండా పక్కన నిలబడేవాడే చివరికి హంతకుడని నా సిద్ధాంతం. నవ్వకండి, మీరూ అలాగే అనుకుంటారు.

ఒకసారి నవల సగంలో ఉండగా పక్క క్వార్టర్ అప్పల్రాజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీ వంతు అయిపోనాది. బుక్కు ఇచ్చీ."

"రేపిస్తాన్రా."

"రేపేటి? ఇప్పుడే ఇచ్చీ!"

ఒళ్ళు మండింది. లోపలికెళ్ళి నలభయ్యో పేజీలో 'హంతకుడు కాంపౌండరే' అని పెద్దక్షరాలతో రాసి, నవ్వుతూ వాడి చేతిలో పెట్టాను.

మర్నాడు షెడ్డు ఆఫీసులో అప్పల్రాజు చల్లగా చెప్పాడు. "నాను సదవనేదురా. హెడ్ క్లర్కు గారు అడిగితే ఆయనకిచ్చీసినాను."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పలాసలో మా ఆవిడకు ఆడపిల్ల పుట్టి పది రోజులు. నా సెలవు కాగితం ఉన్నది ఆ హెడ్ క్లర్కు గారి టేబుల్ మీదే. కథ ముగింపు ముందే చెప్పేశాడని సొంత బావమరిదితో ఆర్నెల్లు మాట్లాడని మనిషాయన! బాల్ పెన్నుతో రాశాక రబ్బరు పట్టుకుంటే ఏం లాభం?

సాయంత్రం ఆయన క్వార్టర్‌కి పరిగెత్తాను. నవల చేత్తో పట్టుకునే ఎదురొచ్చారు.

"ఇది నీ రాతేనేటి?"

"నాదేనండి. తప్పయిపోయిందండి. కాళ్ళు పట్టుకుంటాను."

"అచ్ఛా! కాంపౌండరా హంతకుడు? ఏటి బుర్రరా నీది! నీ రాత నమ్మి ఆడి మీదే కన్నేసి కూకున్నాను. ఆఖర్న సూస్తే డాక్టరు! ఉలిక్కిపడిపోనాను. ఇన్నేళ్ళల్లో ఇంత మజా ఎప్పుడూ రానేదు. నీ సెలవు పొద్దున్నే సంతకం పెట్టీసినాను, పో. పిల్లని సూసుకో."

హమ్మయ్య! గాలి పీల్చుకుని, దణ్ణం పెట్టి, నాలుగు మెట్లూ దిగాను. అప్పుడు వెలిగింది.

నేనింకా సగం నవలే చదివాను, హంతకుడెవరో ఆయన నాకు ముందే చెప్పేశారు!

ఆరోజే మా అమ్మాయి మీద ఒట్టేశాను. ఇక ఈ జన్మలో పుస్తకం పూర్తిగా చదవకుండా ఎవర్నీ హంతకుణ్ణి చెయ్యను.