బాపట్ల పెళ్లిలో ఇచ్చేసిన ఓటు

పెళ్లిలో పిల్లనిచ్చేది ఆడపెళ్లివారు. మేం మగపెళ్లివారం, మా పని పుచ్చుకోవడమే. అయినా బాపట్లలో మా బావమరిది పెళ్లినాడు మా మామగారికి చెయ్యి ఊరుకోలేదు. నా ఓటు ఇచ్చేశారు. దాంతోపాటు మా ఆవిడ ఓటు కూడా ఇచ్చేశారు. ఆ రెండు ఓట్లూ ఇంగ్లండులో ఉన్నాయి.

ఇంగ్లండులో మనకి ఓటేంటని మీరడుగుతారు. నేనూ అడిగాను. ఎనిమిదో తరగతిలో బడికి దణ్ణం పెట్టేసి తెనాలిలో మోటారు సైకిళ్ల షెడ్డులో చేరినవాణ్ణి, నాకు మాత్రం ఏం తెలుసు. ఒకప్పుడు వాళ్లు ఏలిన దేశాల నుంచి వెళ్లి అక్కడ కాపురముంటున్నవాళ్లు పార్లమెంటు ఎన్నికల్లో ఓటెయ్యొచ్చట. వాళ్ల పాస్‌పోర్టు అక్కర్లేదట. ఇన్నేళ్లు వీళ్లమీద పెత్తనం చేశాం కదా, ఒక్కపూట వీళ్లని కూడా చెయ్యనిద్దాం అనుకున్నారేమోనని మా ఆవిడతో అన్నాను. తను నవ్వలేదు. అప్పటికే తన నవ్వు పోయి చాలా రోజులైంది.

తను ఆ దేశం వెళ్లింది ముసలివాళ్లని చూసుకునే ఒక హోములో పనికి. తన వెనక నేను వెళ్లి ఒక గోడౌన్‌లో పెట్టెలు సర్దే పనిలో చేరాను. కుదురుకున్నాం అనుకునే వేళకి ఆ హోము కంపెనీకి బయటి దేశాలవాళ్లని పెట్టుకునే అనుమతి రద్దయింది. ఇంకో కంపెనీ దొరికింది కానీ కొత్త వీసా వచ్చేదాకా తను పని చెయ్యకూడదు, దేశం దాటకూడదు. దాటితే దరఖాస్తు పెట్టనట్టే లెక్క. అందుకే సొంత తమ్ముడి పెళ్లికి రాలేకపోయింది. నా పాత వీసాకి ఇంకా గడువుంది కాబట్టి మా ఇద్దరి తరఫునా నేనొక్కణ్ణే వచ్చాను. తనది తేలితేనే నాది తేలుతుంది. తేలకపోతే ఇద్దరం రేపల్లెలో మామగారి రొయ్యల చెరువు గట్టున కూర్చుని రొయ్యలకి ఇంగ్లీషు నేర్పుకోవాలి.

ఎన్నికల రోజుకి నేను ఊళ్లో ఉండను కాబట్టి నా ఓటు కూడా మా ఆవిడే వేసేట్టు ముందే రాసిచ్చి వచ్చాను. అక్కడ అలాంటి ఏర్పాటుంది. మన దగ్గర చచ్చిపోయినవాళ్ల ఓట్లు కూడా ఎవరో ఒకరు పుణ్యానికి వేసిపెడతారు. అక్కడ ఆ సౌకర్యం బతికున్నవాళ్లకే.

పెళ్లిలో భోజనాలయ్యాయి. పెళ్లికూతురి తండ్రి, అంటే మా మామగారి కొత్త వియ్యంకుడు, తాంబూలం పళ్లెం పట్టుకుని మా దగ్గరికి వచ్చారు.

"బావగారూ, మా బావమరిది ముప్పయ్యేళ్లుగా ఇంగ్లండులోనే ఉన్నాడని చెప్పానుగా. ఈసారి వాళ్లూళ్లో ఎంపీకి నిలబడ్డాడండి. మీ అమ్మాయి వాళ్లుండేదీ ఆ ఊరేనంటగా?"

"ఆ ఊరేనండి."

"మనవి రెండోట్లున్నాయన్నమాట."

మామగారు తమలపాకు తీసుకుని, "ఉన్నాయంటారేంటి బావగారూ, పడిపోయాయనుకోండి. మా ఇంట్లో ఓట్లు ఎప్పుడూ చీల్లేదు" అన్నారు.

నా చేతిలో ఫోనుంది. ఫోనులో మా ఆవిడ ఉంది. ఆ పెళ్లికి నేను అల్లుడిగా రాలేదు, ఫోను పెట్టుకునే స్టాండుగా వచ్చాను. తాళి కట్టడం, తలంబ్రాలు, అన్నీ తనకి చూపించాను. ఇదీ చూసింది.

"ఏంటీ, నాన్న నా ఓటు కూడా ఇచ్చేశాడా?" అంది.

"పెళ్లిలో అక్షింతలు వెయ్యలేకపోయావుగా, ఓటన్నా వెయ్యమంటున్నారు" అన్నాను. పక్కనున్నవాళ్లంతా నవ్వారు. ఫోను ఆగిపోయింది. సిగ్నల్ పోయిందనుకున్నాను. ఆ హాల్లో సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది.

మా ఇంట్లో ఓట్లు చీల్లేదు అనేది మామగారి ఊళ్లో చిన్న మాట కాదు. ఇంటి పెద్ద ఎవరికి మాటిస్తే ఇంటిల్లిపాదీ వాళ్లకే. తప్పిందా, బూతు దగ్గర కూర్చున్నవాళ్లు లెక్కలేసి ఏ ఇంట్లో ఓటు జారిందో పొద్దుపోయేలోపు చెప్పేస్తారు. ఇంగ్లండులోనూ అంతే అని మామగారి నమ్మకం. అక్కడ ఊరందరి పెట్టెలూ ఒకే హాల్లో కుమ్మరించి కలిపేస్తారని చెప్పి చూశాను. "మనిషన్నవాడు కనిపెట్టకుండా ఉంటాడా? మా కోడలు ఈ ఇంట్లో తిరగాలి అల్లుడూ. వాళ్ల ముందు నా తల వంచకు" అన్నారు. వేళాకోళంగా అన్న మాట కాదది. ఉన్న ఒక్క కొడుక్కీ వెతికి వెతికి చేసుకున్న సంబంధం.

మర్నాడు మా ఆవిడ ఫోను చేసింది.

"నా ఓటు ఎవరికో నేను ఎప్పుడో అనుకున్నాను. అది నాన్నది కాదు, మీదీ కాదు. మీ ఓటు మాత్రం మీరు చెప్పిన వాళ్లకే వేస్తాను. అది రూలు. ఎవరికెయ్యాలో చెప్పండి."

"చెప్తాలే, ఇంకా టైముందిగా."

"ఉంది. ఆలోచించుకునే చెప్పండి. నవ్వుతూ మాత్రం చెప్పొద్దు."

తన ఓటు ఎవరికో నాకు తెలుసు. అప్పటిదాకా ఎంపీగా ఉన్నావిడకి. పెద్దావిడ. హోము కంపెనీకి అనుమతి పోయినప్పుడు ఎవరో చెబితే తను ఆవిడ ఆఫీసుకెళ్లింది. ఆవిడ కూర్చోబెట్టి మొత్తం విని, వీసా ఆఫీసుకి ఫోను మీద ఫోను చేయించింది. ఎన్నికలు ప్రకటించి పార్లమెంటు రద్దు చేసేసరికి ఆవిడ ఎంపీ కాకుండా పోయింది, ఆ పని అక్కడే ఆగింది. ఆవిడ గెలిస్తే మళ్లీ అక్కణ్ణించే అందుకుంటుంది. ఓడితే మేం కొత్తవాళ్ల దగ్గర మొదట్నుంచి మొదలెట్టాలి.

ఇంతవరకూ సులువే. చిక్కేంటంటే ఆవిడ పార్టీయే అధికారంలో ఉంది. వీసాలు బిగించి మమ్మల్ని ఇలా గాల్లో వేలాడదీసింది ఆ పార్టీయే. టీవీలో వాళ్ల పెద్దలు మమ్మల్ని గురించి మాట్లాడుతుంటే నేను చానల్ మార్చేవాణ్ణి. వియ్యంకుడుగారి బావమరిది నిలబడ్డ పార్టీ ఆసుపత్రులు బాగుచేస్తామంటోంది, ముసలివాళ్లని చూసుకునేవాళ్లకి జీతాలు పెంచుతామంటోంది. నిజం చెప్పాలంటే పెళ్లికి రాకముందే ఆ పార్టీకి వేద్దామని సగం అనుకున్నాను. ఇప్పుడు వాళ్లకి వేస్తే మామగారి మాటకి తలొగ్గి వేసినట్టు. వెయ్యకపోతే మా ఆవిడకి భయపడి మానేసినట్టు. నా ఇష్టం అనేదానికి ఎక్కడా చోటు మిగల్లేదు.

తెనాలి వెళ్లి పాత షెడ్డులో కూర్చున్నాను. నాతోపాటు పని నేర్చుకున్నవాడే ఇప్పుడు దాని ఓనరు. బండి చైను బిగిస్తూ విని, "ఇందులో ఏముందిరా, ఆవిడకేయించి వీళ్లకి వేశామని చెప్పు. అక్కడికొచ్చి ఎవడు చూస్తాడు?" అన్నాడు.

"మా ఆవిడ చూస్తుంది."

"మీ ఆవిడ చెప్పదుగా."

"చెప్పదు. అదే భయం. జీవితాంతం చెప్పదు, చూస్తానే ఉంటుంది."

"అయితే నీకు పార్టీలతో పేచీ లేదురా, కాపురంతో ఉంది" అని వాడు మళ్లీ చైనులో పడ్డాడు.

ఆ వారంలోనే బాపట్లాయన, అంటే పోటీచేసే ఆయన, నాకే ఫోను చేశారు. మంచి మనిషి. ముప్పయ్యేళ్ల క్రితం ఇక్కణ్ణించి పట్టుకెళ్లిన తెలుగుని దుమ్ము పడకుండా దాచుకున్నారు. "అందరూ కులాసాయేనా?" అన్నారు. ఆ మాట విని నాకు పాత రేడియో పెట్టినట్టనిపించింది.

"గెలిస్తే మా ఆవిడ వీసా సంగతి పట్టించుకుంటారా అండీ?" అని అడిగేశాను.

"ఎంత మాట! మా మేనకోడలి ఆడపడుచు. మనవాళ్లకి చెయ్యక ఇంకెవరికి చేస్తామండీ?"

"మరి వచ్చేవాళ్లని తగ్గిస్తామని మీ పార్టీ కూడా అంటోందిగా?"

"అది పార్టీ విధానం. మీకేం, మీరు మనవాళ్లు."

ఫోను పెట్టేశాక గుండె కొంచెం తేలికపడింది. పార్టీ నేననుకున్నదే, మనిషి మనవాడు, సాయం చేస్తానంటున్నాడు, మామగారి మాట నిలుస్తుంది. ఆ సంబరంలో మా ఆవిడకి మొత్తం చెప్పాను.

"ఆవిడ దగ్గరికి వెళ్లినప్పుడు" అంది తను, "నేను ఎవరి అమ్మాయినో ఆవిడ అడగలేదు. ఎవరికి ఓటేశానో అడగలేదు. ఏడుస్తున్నానని టిష్యూ ఇచ్చింది, అంతే. నాకు పార్టీల సంగతి మీ అంత తెలీదు. మీరు చెప్పిందే వేస్తాను."

అన్నం తిన్నాను, నీళ్లు తాగాను, నిద్రపోయాను. చెప్పలేదు.

ఎన్నికల గురువారం రేపల్లెలో పదహారు రోజుల పండగ పడింది. బాపట్ల నుంచి వియ్యంకులు దిగారు. నిజాంపట్నం నుంచి పొద్దున్నే తెప్పించిన పండుగప్ప చేపలు పులుసులో ఉడుకుతున్నాయి. అక్కడ పోలింగు మొదలయ్యేసరికి ఇక్కడ విస్తళ్లు వేశారు. మామగారు, వియ్యంకుడుగారు, నేను వరసగా కూర్చున్నాం. ఫోను మోగింది.

"గేటు దగ్గరున్నాను. లోపలికెళ్తే ఫోను మాట్లాడకూడదు. మీది ఎవరికెయ్యమంటారు?"

"భోంచేస్తున్నాం..."

"అందరూ ఉన్నారుగా, స్పీకరు పెట్టండి."

పెట్టాను. వియ్యంకుడుగారు ఫోను వైపు వంగి, "అమ్మాయ్, బాగున్నావా తల్లీ? మా బావమరిదికి నీ చెయ్యి మంచిదవ్వాలి" అన్నారు. మామగారు నా మొహంలోకి చూస్తున్నారు. గుమ్మం దగ్గర అత్తగారు గరిటె పట్టుకుని నిలబడిపోయారు.

"అక్కడ నోటా ఉండదా?" అన్నాను. వియ్యంకుడుగారు పగలబడి నవ్వారు.

"ఉండదు. చెప్పు" అంది మా ఆవిడ.

తను నన్ను నువ్వు అనేది ఒళ్లు మండినప్పుడే. కానీ ఆ గొంతులో మంట లేదు. పొద్దున్నే అక్కడ ఆ గేటు ముందు ఒక్కతే నిలబడి, మేం ముగ్గురం ఇక్కడ పులుసన్నం ముందు కూర్చుని ఏం తేలుస్తామోనని ఎదురుచూస్తోంది.

"ఆవిడకే వెయ్యి" అన్నాను. "నాది కూడా ఆవిడకే."

కొంచెంసేపు ఎవరూ కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"ఆవిడెవరు?" అన్నారు మామగారు.

"మొన్నటిదాకా ఎంపీ చేసినావిడలెండి. మావాడి మీద పోటీ" అన్నారు వియ్యంకుడుగారు, విస్తరిలోకి చూస్తూ.

మామగారి మొహం ఎర్రబడింది. "అమ్మాయ్, నీ ఓటూ అంతేనా?"

"అంతే నాన్నా."

"నలుగురిలో నేనిచ్చిన మాట..."

"అమ్మాయిని అడిగి చెప్తానంటే సరిపోయేది నాన్నా. నువ్వు అడిగితే ఎందుకో చెప్పేదాన్ని. ఇక్కడ నాకు ఏమవుతోందో ఇన్నాళ్లలో నువ్వు అడగలేదు. పెళ్లి పనుల్లో ఉన్నావని నేనూ చెప్పలేదు. ఇంక వెళ్తున్నాను, వెనక జనం ఉన్నారు."

ఫోను ఆగింది. "పులుసు బాగా కుదిరిందండి" అన్నారు వియ్యంకుడుగారు, ఎవరూ అడక్కుండానే. మజ్జిగ పోసుకోకుండానే లేచారు. ఎండ చల్లబడేదాకా ఉంటామన్నవాళ్లు ఎండలోనే బయల్దేరారు. కారు దాకా వెళ్లిన మామగారు ఏం చెప్పారో, ఆయన ఏమన్నారో నాకు వినపడలేదు. చేతులు పట్టుకోవడం మాత్రం కనిపించింది. ఎవరు ఎవరివి పట్టుకున్నారో తెలియలేదు.

ఆ పూటంతా మామగారు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నీ అత్తగారి ద్వారానే. "అల్లుడుగారికి పొద్దున బండికి టైమెంతో కనుక్కో" అనేవారు, నేను పక్క కుర్చీలో ఉండగానే. నాకు పదిరకాల జవాబులు తోచాయి. ఒక్కటీ అనలేదు. రాత్రి అత్తగారు అడిగితే, ఆ పెద్దావిడ వీసా కోసం చేసిందంతా ఆయనకి వినపడేట్టు చెప్పాను.

మర్నాడు పొద్దున్నే స్కూటరు మీద రేపల్లె స్టేషనుకి ఆయనే దింపారు. దారంతా ఆయన వీపే నాకు మొహం. తెనాలి పాసింజరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. వెళ్లిపోతారనుకున్నాను. కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డారు.

"అక్కడి లెక్క ఎందాకా వచ్చిందో చూడు."

ఫోను తీసి చూశాను. "మేముండే ఊరిది ఇంకా చెప్పలేదండి. వియ్యంకుడుగారి బావమరిదికి అవకాశం..."

"ఆయన సంగతి ఎవరడిగారు?" అన్నారు. గొంతు తగ్గించి, "ఆ పెద్దావిడ గెలుస్తుందా? గెలిస్తే అమ్మాయి పని అవుద్దా?"

"తెలీదండి" అన్నాను.

బండి కదిలింది. ఊచ వదలకుండా నాలుగడుగులు పక్కనే నడిచారు.

"తెలియగానే నాకు ఫోను చెయ్యి" అన్నారు. "దానికి ఇప్పుడు చెయ్యనా? లేచుంటుందా అక్కడ?"

"రాత్రంతా పడుకుని ఉండదండి. చెయ్యండి."

ఊచ వదిలేసి, చొక్కా జేబులోంచి ఫోను తీసి, కళ్లజోడు కోసం రెండో జేబు వెతుక్కుంటూ అక్కడే ఆగిపోయారు.