విమానం మోతలో లాయరు

ఏడో తరగతి నేను నాలుగుసార్లు చదివాను. సంవత్సరాలు లెక్కేస్తే నేనూ టెన్త్ దాకా చదివినవాణ్ణే. నాతో చేరినవాళ్లు పై తరగతులకు పోతుంటే, ఆ బెంచీని ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా కాశాను. చివరికి హెడ్మాస్టరు మా నాన్నను పిలిచి, "మీవాడికి మేం కొత్తగా చెప్పేదేం మిగల్లేదు" అన్నాడు. మా నాన్న అది పొగడ్త అనుకుని, ఇంటికి వస్తూ దారిలో జిలేబీ కొన్నాడు.

తెలుగు అక్షరాలు మాత్రం నాకు ఆయనే నేర్పాడు. వైజాగ్ నుంచి మా దీవికి ఓడలో వచ్చే సరుకులకు చుట్టిన పాత పేపర్లే నా వాచకాలు. వాటిలో ఏ వార్తా పూర్తిగా ఉండేది కాదు. దొంగ గోడ దూకేదాకా ఉండేది, తర్వాతి ముక్క ఇంకెవరి బెల్లం పొట్లంతోనో పోయేది. దూకినవాడు ఏమయ్యాడో నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. ఖాళీ కనిపిస్తే నింపకుండా ఉండలేని జబ్బు నాకు అప్పుడు అంటుకుంది.

ఇప్పుడు నాది ఫీనిక్స్ బే జెట్టీలో పని. దీవుల మధ్య తిరిగే బోటు వచ్చినప్పుడు తాళ్లు కట్టాలి, పోయేటప్పుడు విప్పాలి. ఇల్లు లంబాలైన్లో, ఎయిర్‌పోర్టు పక్కనే. విమానం దిగుతుంటే మా వంటింట్లో గిన్నెలు మాట్లాడతాయి, మనుషులు ఊరికే పెదాలు ఆడిస్తారు. అలవాటైనవాళ్లం కాబట్టి మాట మధ్యలో ఆపి, మోత పోయాక అక్కణ్ణుంచే అందుకుంటాం. మా ఆవిడ నన్ను తిడుతూ ఆగితే, సరిగ్గా ఆ తిట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. ఒక్కటీ వదలదు.

ఆమె రెండో కాన్పుకి మా అత్త శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చింది. చిన్న కూతుర్ని, అంటే నా మరదల్ని, వెంటబెట్టుకొచ్చింది. పాప పుట్టి, బోర్లాపడి, పాకడం మొదలుపెట్టినా వీళ్లు వెళ్లలేదు. మరదలు కోర్టు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో టైపింగు పనికి కుదిరింది, హిందీ కూడా ఇట్టే పట్టేసింది. అత్త మాత్రం హిందీకి లొంగలేదు. బజార్లో చేపలవాణ్ణి తెలుగులో తిట్టి, ధర వేళ్లతో చూపించేది. వాడు ఆ రెండింటికీ తల ఊపేవాడు.

అలాంటి అత్తకు ఒక హిందీ సీరియల్ పిచ్చి పట్టింది. రాత్రి వచ్చిందే మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వేసేవారు. నాకు డ్యూటీ రోజు విడిచి రోజు కాబట్టి, ఇంట్లో ఉన్న మధ్యాహ్నాలు ఆమె పక్కన కూర్చుని తెలుగు చెప్పడం నా పని.

కథ చిన్నదే. ఒక పెద్ద మేడ, అందులో ఒక ముసలి కోటీశ్వరుడు, ముగ్గురు కొడుకులు. ఎవరూ పనికి వెళ్లరు. ఒకడు తాగి కారుతో ఎవర్నో గుద్దుతాడు, ఇంకొకడు అన్న పెళ్లాంతో సినిమాకి పోతాడు, మూడోవాడు దొంగ సంతకాలు పెడతాడు. ఎవరేం చేసినా వెనక గుమ్మంలోంచి నల్ల కోటు లాయరు వస్తాడు. వచ్చి అంతా తుడిచేసి పోతాడు.

"ఈళ్లు కూర ఎప్పుడు ఒండుకుంతారు?" అని అత్త అడిగేది.

"వాళ్లకి టైమెక్కడిది అత్తా? పొద్దున లేచి తప్పు చేయాలి, సాయంత్రం లాయర్ని పిలవాలి."

మొదట్లో ఉన్నది ఉన్నట్టే చెప్పాను. రెండు రోజులకే విసుగొచ్చింది. ఆ లాయరు మాటలు చప్పగా ఉండేవి, అత్త ముఖం కూడా చప్పగానే ఉండేది. ఒకరోజు అతను పనిమనిషిని టీ అడిగాడు. నేను గొంతు తగ్గించి, "ముసలాయన తాగే టీలో ఏదో కలపమంటున్నాడు అత్తా" అన్నాను. అత్త చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టేసింది. ఆ మధ్యాహ్నం ఇక ముట్టుకోలేదు. ఆ ముఖం చూశాక నాకు పేపరు ముక్కల రోజులు గుర్తొచ్చాయి. ఇక లాయర్ని ఆపేవాళ్లు లేరు. అతను ఫోన్లో బంధువుల్ని పలకరిస్తే నా తెలుగులో కిరాయి రౌడీలు దిగేవారు. దేవుడికి దండం పెట్టుకుంటే గుడి స్థలం మీద కన్నేసేవాడు. హిందీ బాగా వచ్చిన మా ఆవిడ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. "ఏదో ఒకరోజు దొరికిపోతావ్, సూసుకో" అనేది.

అలా ఉండగా ఒక సాయంత్రం మరదలు జెట్టీకి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"బావా, అమ్మ వచ్చే షిప్పుకి టికెట్లు తీయమందా?"

"అంది. ఇద్దరికీ. ఎందుకో చెప్పలేదు."

విషయం ఏమిటంటే, జిరాక్స్ షాపుకి రోజూ వచ్చే ఒక కుర్ర లాయరు తనని పెళ్లి చేసుకుంటానన్నాడు. ఉత్తరాన ఉన్న దీవిలో డిగ్లీపూర్ అబ్బాయి. తాతలది మా అత్తవాళ్ల తీరమే. ఇక్కడ ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉన్నాడు. తనకీ ఇష్టమే. ముందురోజు ధైర్యం చేసి అమ్మకి చెప్పింది. "లాయరా!" అని అత్త ఒక్క మాట అని, పెట్టె కిందికి దించిందట.

"టీలో కలిపేవోడికి నా కూతురు గుంటనియ్యను అంతంది. ఎవరు టీలో కలిపింది బావా? నేనూ చూశాను ఆ ఎపిసోడు. ఎవరూ ఏం కలపలేదు!"

తాడు నా చేతిలోంచి జారి నీళ్లలో పడింది. పైనుంచి బోటువాళ్లు, "ఓ భయ్యా, సో గయా క్యా?" అని అరిచారు. నిద్ర కాదు, అది నాకు వచ్చిన మొదటి మెలకువ.

"నువ్వే ఆ లాయర్ని మంచోణ్ణి చెయ్యాలి" అంది మరదలు.

"సీరియల్ తీసేది నేనా?"

"అమ్మకి తీసేది నువ్వే కదా. షిప్పు వచ్చేలోపు మార్చు. ప్లీజ్ యార్."

వేలు పెట్టి చూస్తే గాని కష్టం తెలియదు. చెడ్డవాణ్ణి చేయడం కూర్చున్న చోటే అయిపోయింది. బాగుచేయడానికి చెమటలు పట్టాయి. ఎందుకంటే సరిగ్గా ఆ వారమే సీరియల్లో లాయరు నిజంగా దుర్మార్గుడైపోయాడు. నేను కల్పించినవన్నీ చూసి నేర్చుకున్నట్టు, ఒక్కొక్కటీ మొదలుపెట్టాడు.

పెరట్లో కాగితాలు తగలబెట్టాడు. "పాత కరెంటు బిల్లులు అత్తా. పెద్దమనిషి కదా, ఇల్లు శుభ్రంగా ఉంచుతాడు."

పోలీసు ఇనస్పెక్టరుకి బల్ల కింద నుంచి బరువైన సంచీ అందించాడు. "ఇనస్పెక్టరు కూతురి పెళ్లి. చదివింపులు."

"బల్ల కిందనుంచేటి?"

"గుప్తదానం. పైనుంచి ఇస్తే పుణ్యం రాదంట."

కారు డ్రైవరు చొక్కా పట్టుకుని వేలు చూపించి బెదిరించాడు. "బండి నెమ్మదిగా నడపమని జాగ్రత్తలు చెప్తున్నాడు."

"జాగర్త సెప్తే ఆడు ఏడస్తాడేటి?"

"ఇన్నాళ్లూ అతనికి ఎవరూ జాగ్రత్త చెప్పలేదు అత్తా. సంతోషం పట్టలేక."

అత్త నా వైపు చూసింది. అప్పుడే విమానం ఒకటి ఇంటి మీదుగా దిగింది. కిటికీ రెక్కలు గడగడలాడాయి. తెర మీద లాయరు నోరు కదులుతోంది. నేను ఊపులో ఉన్నాను, ఆగలేదు. అత్త చెవి దగ్గరకు వంగి, అతను డ్రైవరు పిల్లల చదువుకి భరోసా ఇస్తున్న సంగతి అరిచి అరిచి చెప్పాను. అత్త ఒకసారి పైకప్పు వైపు, ఒకసారి టీవీ వైపు, ఒకసారి నా వైపు చూసి ఊరుకుంది. అబద్ధం అతికిందని నేను సంబరపడ్డాను.

నిజంగానే ఆమె కొంచెం మెత్తబడింది. "ఆ అబ్బాయిని రమ్మను. సూస్తాను. మాటియ్యను. టికెట్లు మాత్రం తీసే ఉంచు" అంది. మరదలు నాకు వెలిగిపోతున్న ముఖంతో దండం పెట్టింది.

సెలవు రోజు మధ్యాహ్నం అబ్బాయి వచ్చాడు. బక్కగా ఉన్నాడు, చొక్కా మడత నలగకుండా బిగుసుకుని కూర్చున్నాడు. డిగ్లీపూర్ నుంచి వాళ్లమ్మ పంపిన కొత్త బియ్యం మూట గుమ్మం పక్కన పెట్టాడు. నేను అతన్ని తేలిక చేద్దామని, "పెద్ద పెద్ద కోటీశ్వరుల కేసులు చూస్తారా?" అన్నాను.

"నహీ భయ్యా. ఇప్పుడు నా దగ్గర ఉన్న పెద్ద కేసు మేకది. పక్కవాళ్ల వక్క మొక్కలు తినేసింది."

"మేక తరఫునా, మొక్కల తరఫునా?"

"మేక ఓనరు తరఫున. అది తిన్నమాట సచ్ హై. కంచె లేదు, అదే మా పాయింటు."

నవ్వింది నేనొక్కణ్ణే. అత్త నవ్వలేదు. రిమోటు తీసుకుని టీవీ పెట్టింది. మా సీరియల్ టైమది.

"బాబూ, నాకు హిందీ రాదు. ఎప్పుడూ మా పెద్దల్లుడు సెప్తాడు. ఇయాల ఆడికి సెలవు. ఆ లాయరేటంతన్నాడో నువ్వు సెప్పు."

గుమ్మం దగ్గర టీ పళ్లెంతో నిలబడ్డ మరదలు అక్కడే ఆగిపోయింది. నేను అబ్బాయికి కన్ను కొట్టాను. కనుబొమ్మలు ఎగరేశాను. అతను ఆదుర్దాగా వంగి, "భయ్యా, కంట్లో ఏమైనా పడిందా?" అన్నాడు. మా ఆవిడ పాపని చూసే నెపంతో లోపలికి పారిపోయింది.

తెర మీద అదే డ్రైవరు, అదే లాయరు. అబ్బాయి శ్రద్ధగా విని చెప్పడం మొదలుపెట్టాడు. "సాక్షిని బెదిరిస్తున్నాడు ఆంటీ. రేపు కోర్టులో నిజం చెప్తే ఊళ్లో ఉండనియ్యను అంటున్నాడు."

"మరి ఇతను దర్మాత్ముడని మావోడు సెప్పినాడే?"

"ధర్మాత్ముడా? గలత్ ఆంటీ! ఈ వారమంతా నేనూ చూశాను. కాగితాలు కాల్చడం ఒక నేరం, లంచం ఒకటి, ఇది ఇంకోటి. ఇతని కోటు ఊడదీయాలి."

అడుగడుక్కీ తన పెళ్లికి తనే గొయ్యి తవ్వుకుంటున్నాడు. లాయరు పీడ వదిలితే చాలనుకుంటున్న మనిషి ముందు లాయరు పాపాలన్నీ సెక్షన్లతో సహా విప్పి పెడుతున్నాడు. గుమ్మంలోంచి మరదలు వద్దు వద్దని తల ఊపుతోంది. అతను టీవీ మీంచి కళ్లు తీయలేదు.

అప్పుడు వచ్చింది విమానం. తెర మీద కథ కూడా సరిగ్గా అప్పుడే ముదిరింది. ముసలాయన లేచి లాయరు చెంప ఛెళ్లుమనిపించాడు. లాయరు చెంప మీద చెయ్యి పెట్టుకుని ఏదో అన్నాడు. పెద్ద మాటే అయి ఉంటుంది, అందరూ కొయ్యబారిపోయారు. మా ఇంట్లో గిన్నెలు మోగాయి, గోడ మీద క్యాలెండరు ఊగింది. మోత పోయేసరికి టీవీలో సబ్బు ప్రకటన వస్తోంది.

"ఏటన్నాడు?" అంది అత్త.

"వినబడలేదు ఆంటీ."

"నాకు వినబడింది!" అన్నాను నేను. "తప్పు ఒప్పుకున్నాడు అత్తా, ఇకమీద..."

అత్త అరచెయ్యి చూపించింది. నేను ఆగిపోయాను. ఆమె అబ్బాయినే చూస్తోంది.

"ఏదో ఒకటి సెప్పలేవేటి? లాయరువి కదా?"

అతను నిజంగా ఇబ్బంది పడ్డాడు. "వినకుండా ఎలా చెప్తాను ఆంటీ? చెంపదెబ్బ చూశాను. మాట వినలేదు. అంతే నాకు తెలుసు."

అత్త రిమోటుతో టీవీ కట్టేసి, నాకేసి తిరగకుండానే అంది: "నానొచ్చిన కాడినుంచి ఈ ఇంట్లో 'ఇనబడనేదు' అన్న మాట ఒక్కడూ అన్నేదు. గిన్నెలు మోగినా, గోడలు ఊగినా మావోడికి మాత్రం అన్నీ ఇనబడిపోయేవి." అని గుమ్మం వైపు చూసింది. "అక్కడేటి సేస్తన్నావే? టీ సల్లారిపోతంది. ఆ అబ్బాయికియ్యి. నాకూ ఒకటియ్యి."

మరదలు టీ ఇచ్చింది. అత్త లాయరు పక్కన కూర్చుని, గ్లాసు అడుగుదాకా తాగింది. ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి, "ఆ షిప్పు టికెట్లు ఒగ్గీ. డిగ్లీపూర్ బోటు ఎప్పుడో కనుక్కో. ఈ బాబు అమ్మానాన్నల్ని సూడాల" అంది.

ఆ బోటు బయలుదేరే రోజు అత్త డెక్కు మీద బెంచీ చివర చీర కుచ్చిళ్లు దగ్గరకు తీసుకుని కూర్చుంది. పక్కన మరదలు, మా ఆవిడ, పిల్లలిద్దరూ. కింద జెట్టీ మీద తాడు పట్టుకున్నది నేనే. నన్ను ఇప్పటికీ ఎవరూ మెచ్చుకోలేదన్న బాధ లోపల ఉంది. ఎంతైనా ఆ అబ్బాయి మా గుమ్మం దాకా వచ్చింది నా తెలుగు చలవే కదా. తాడు విప్పుతూ పైకి అరిచాను.

"చూశావా అత్తా, ఆ ఏడో తరగతి గట్టెక్కి ఉంటే నేనూ లాయర్నే అయ్యేవాణ్ణి!"

అత్త రెయిలింగు మీదుగా వంగింది. జెట్టీలో కూలీలూ, టికెట్ల లైనూ, అందరూ వినేలా అంది:

"సదవకపోడమే మంచిదయ్యింది బాబూ! సదవకుండానే ఇమానం మోతలో ఇన్నావు. సదివుంటే టీవీ కట్టేసినా ఇనేద్దువు!"