సలోమత్ చెప్పిన గులాందాం కథ

సలోమత్‌కు ఒక్కటే పిచ్చి. టీవీ సీరియల్లో కనిపించే వాళ్ళంతా తన చుట్టాలేనని నమ్మేది. అదీ మామూలు చుట్టాలు కాదు, తన మాట వినితీరాల్సిన చుట్టాలు. తెరమీద పెద్దమనిషి కనబడితే తలమీద రుమాలు సర్దుకునేది. దొంగ కనబడితే “తలుపు వేసుకో తల్లీ!” అని వీధి అదిరేలా అరిచేది. ఒకసారి సీరియల్లో నాయిక జ్వరంతో పడుకుంటే ఈవిడ మాంసం చారు కాచి, “పాపం, దానికెవరు కాచిపోస్తారు!” అని ముక్కు చీదుకుని, ఆ చారంతా తనే తాగింది.

మర్గిలాన్ ఊళ్ళో పట్టు నేసే కార్ఖానా వెనక సందులో వాళ్ళ ఇల్లు. ఇంట్లో ఇద్దరే, సలోమత్, కోడలు జెబినిసో. సలోమత్ ఒక్కగానొక్క కొడుకు నాలుగేళ్ళ కిందట జబ్బుచేసి పోయాడు. పిల్లల్లేరు. పుట్టింటివాళ్ళు వచ్చి రమ్మన్నా జెబినిసో కదల్లేదు. పగలంతా కార్ఖానాలో మగ్గం ముందు కూర్చునేది. ఆమె ఇల్లు చేరేసరికి సీరియల్ అయిపోయేది. కార్ఖానాలో కుర్రపిల్లలెవరికీ ఆ పాత సీరియల్ పట్టదు. అందుకని కథంతా అత్త నోటినుంచే వినాలి. సలోమత్ ఊరికే చెప్పేది కాదు, లేచి నిలబడి, గొంతులు మార్చి, అవసరమైతే మూర్ఛపోయి మరీ చెప్పేది.

ఆ సీరియల్లో గులాందాం అనే టీచరమ్మ ఉంది, భర్త పోయినావిడ. తేనెటీగలు పెంచే నార్మత్ అనేవాడు ఆమె చుట్టూ తిరుగుతుంటాడు.

“ఇవాళేమైందత్తయ్యా?”

“ఏమవుతుంది? వాడు మళ్ళీ వచ్చాడు. మన గులాందాం గడపలోంచే పంపేసింది. ‘నా మనసు తలుపు మూసేశాను’ అంది.”

“బాగా అంది,” అంది జెబినిసో రొట్టె తుంచుతూ.

సలోమత్ నోట్లో ముద్ద ఆగిపోయింది. “బాగా అందా?”

“మరి కాదా? ప్రేమ ఒక్కసారే. మళ్ళీ పెళ్ళేమిటి?”

సలోమత్ టీ పోస్తోంది. పియాలా నిండి కింద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ మీదికి పొర్లుతున్నా చూసుకోలేదు.

ఆ మర్నాటినుంచి గులాందాం మెల్లమెల్లగా మెత్తబడటం మొదలుపెట్టింది. ముందు కిటికీలోంచి చూసిందట. తరవాత నార్మత్ ఇచ్చిన తేనె సీసా పుచ్చుకుందట.

“తిన్నదా?”

“తినలేదు. అలమరలో పెట్టింది.”

“ఎన్నాళ్ళు పెడుతుందట?”

“తేనె పాడవదు కదే!”

ఇంకో రోజు గులాందాం భర్త ఫోటో ముందు కూర్చుని, ‘నేనేం చెయ్యను, నువ్వే చెప్పు’ అని అడిగిందట.

“ఫోటో ఏమందత్తయ్యా?”

“ఏమంటుంది? నవ్వుతూ దిగిన ఫోటో. నవ్వుతూనే ఉంది.”

జెబినిసో ఆ మాటకు నవ్వబోయి, ఎందుకో నవ్వలేకపోయింది.

జెబినిసో అత్తకు చెప్పని సంగతి ఒకటుంది. కార్ఖానాలో పట్టుదారాలకు రంగులద్దే ఎర్గష్, భార్య పోయినవాడు, మోచేతుల దాకా నీలంరంగుతో తిరిగే నెమ్మదస్తుడు, వసంతంలో ఆమెను పెళ్ళిమాట అడిగాడు. ఆమె కుదరదంది. తను వెళ్ళిపోతే ఈ పిచ్చితల్లి ఎవరితో మాట్లాడుతుంది? టీవీతోనేనా? కానీ ఈమధ్య మగ్గం ముందు కూర్చుంటే గులాందామే గుర్తొస్తోంది. మొన్న ఎర్గష్ టీ ఇస్తే, వద్దనబోయేలోగా చెయ్యి పియాలా అందుకుంది.

ఒకరోజు కార్ఖానాలో ఫ్యూజు పోయి, అందరినీ ముందే పంపేశారు. జెబినిసో వాకిట్లో అడుగుపెట్టేసరికి సీరియల్ నడుస్తోంది. సలోమత్, పక్కింటి హనీఫా టీవీ ముందున్నారు. తెరమీద గులాందాం ఉంది. రాత్రి అత్త చెప్పిన ప్రకారం ఆమె నార్మత్‌తో తోటలో టీ తాగి ఉండాలి. తీరా చూస్తే నల్లరుమాలు కట్టుకుని, అతని మొహంమీదే తలుపు వేసి, “ఈ జన్మకు మరొకరి నీడ కూడా నా మీద పడదు!” అని ఒట్టు పెడుతోంది.

సలోమత్ చెప్పు తీసి టీవీ మీదికి విసిరింది. “నీ మొహం మండ! ఆర్నెల్లనుంచీ ఇదే పాట! ఇవాళ నా కోడలికి నేనేం చెప్పుకోను?”

“తోటలో టీ అయింది కదా,” అంది హనీఫా తాపీగా. “ఇవాళ పాట పాడించు.”

“అత్తయ్యా!”

ఇద్దరూ వెనక్కి తిరిగారు. హనీఫా, “పొయ్యిమీద పాలు…” అని గొణిగి, గోడపక్కనుంచి జారుకుంది.

“అంటే,” అంది జెబినిసో, “తేనె సీసా?”

“లేదు.”

“ఫోటో?”

“ఫోటో ఉంది. కానీ దాన్నేమీ అడగలేదు, ఊరికే ఏడ్చింది. ఆ రాసేవాడికి బుద్ధిలేదే! పడుచుపిల్లని పట్టుకుని ఇన్నాళ్ళు ఏడిపిస్తాడా?” సలోమత్ రెండో చెప్పుకూడా తీసి, ఏం చెయ్యాలో తోచక ఒళ్ళో పెట్టుకుంది. “ఎర్గష్ పెద్దమ్మ ముందు నా దగ్గరికే వచ్చింది. సంతోషంగా సరేనన్నాను. నువ్వేమో కాదన్నావని తెలిసింది. నీ దగ్గర పెళ్ళిమాట ఎత్తితే లేచి వెళ్ళిపోతావు. గులాందాం మాటైతే కూర్చుని వింటావు. నేనేం చెయ్యను?”

“నేను వెళ్తే మీరు ఒంటరివాళ్ళు కారా?”

“పోయింది నా కొడుకు. నువ్వు కాదు. నువ్వు బతికున్నావని నీకు ఎవరో ఒకరు చెప్పొద్దూ?”

జెబినిసో ఆమె పక్కన కూలబడింది. తల వంచుకుని, “మొన్న… ఎర్గష్ ఇచ్చిన టీ తాగాను,” అంది.

సలోమత్ ఎగిరి లేచింది. ఒళ్ళో చెప్పు ఎక్కడ పడిందో! “ఒక్క పియాలాయేనా?”

“రెండు.”

“చూశావా! నా గులాందాం ఒకటే తాగింది!”

శరదృతువులో పెళ్ళయింది. అత్తగారై ఉండి సలోమత్ పెళ్ళికూతురి తల్లి కూర్చునే చోట కూర్చుంది. ఎవరూ నోరెత్తలేదు. ఎర్గష్ ఇల్లు రెండు సందుల అవతలే. పలావు వడ్డిస్తుంటే హనీఫా సలోమత్ పక్కన చేరింది.

“ఒక్కదానివీ ఎలా ఉంటావు సలోమత్? బజార్లో గడియారాలు బాగుచేసే హోమిద్ ముసలాయన నీ సంగతి అడిగాడు. భార్య పోయి చాలాకాలమైంది.”

“ఛీ ఛీ! అరవై దాటినదాన్ని. సిగ్గులేకపోతే సరి!”

హనీఫా పలావు తినసాగింది. సలోమత్ కాస్త అటు చూసింది, కాస్త ఇటు చూసింది. గిన్నెలో మాంసం ముక్క మంచిది చూసి హనీఫా వైపు జరిపింది.

“పళ్ళున్నాయా ఆయనకి?” అంది మెల్లిగా.