కరుణక్క కట్టిన రంగూను

నిన్న పొద్దున్నే గూడూరు నుంచి ఫోన్ వచ్చింది. కరుణక్క ఇక లేదన్నారు.

మొన్ననే కదా వీడియో కాల్‌లో నన్ను తిట్టింది, బీపీ మాత్రలు సరిగా వేసుకోవడం లేదని. అంత తిట్టిన మనిషి నిద్రలోనే వెళ్లిపోయిందట.

నమ్మబుద్ధి కావడం లేదు. ఏ పని మొదలుపెట్టినా మధ్యలోనే వదిలేస్తున్నాను.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. అక్క మా పెదనాయన కూతురు. పుట్టింది రంగూనులో. పెదనాయన అక్కడ రేవులో పనికి వెళ్లి, అక్కడే పెళ్లి చేసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, సరిగ్గా క్రిస్మస్ ముందు, ఆ ఊరి మీద బాంబులు పడ్డాయి. పెద్దమ్మ పోయింది. ఐదేళ్ల పిల్లను భుజాన వేసుకుని ఆయన ఎలాగో గూడూరు పక్కన కోట టౌను దగ్గర మా ఊరికి చేరాడు.

ఆ తర్వాత రంగూను మాటే ఎత్తలేదు. అక్క అడిగితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

అరవైల్లో మా చర్చిలో క్రిస్మస్‌కి బేత్లెహేము ఊరు కట్టే పని అక్కది. కాలవ మట్టి, తాటాకులు, గూడూరు గనుల నుంచి తెచ్చిన మెరిసే అబ్రకం తునకలు. నేను అసిస్టెంట్‌ని. నా గొర్రెలు పందుల్లా ఉన్నాయని ఒకటే నవ్వేది.

ఒక ఏడాది పశువుల పాకను మాత్రం మామూలుగా కట్టి, చుట్టూ ఊరంతా తనకు గుర్తున్న రంగూను చేసింది. సగం కూలిన గోడలు. పైకప్పు లేని మేడలు. మసి పట్టిన కిటికీలు. రోడ్డు నిండా అబ్రకం పొడి చల్లింది, అది పగిలిన గాజట.

ఇది చూసైనా నాయన నోరు విప్పుతాడేమోనని ఆమె ఆశ. అమ్మ ఎలా పోయిందో తెలియకుండా బతకడం తన వల్ల కావడం లేదంది.

పండగ ముందు రోజు మేం అన్నానికి ఇంటికి వెళ్లి వచ్చేసరికి, సంఘంలో ఆడవాళ్లు ఆ గోడలన్నీ మట్టితో పూడ్చేసి, సున్నం కొట్టి, వాకిళ్లలో నక్షత్రాల ముగ్గులు కూడా వేసేశారు! పాపం పిల్లలకు టైం చాల్లేదు, పని సగంలో ఆగిపోయింది అనుకున్నారట. అంత ప్రేమగా చేసిన వాళ్లను ఏమనగలం?

అక్క అక్కడే చతికిలబడింది. సాయంత్రం ఆరాధనకు లైటు తెచ్చిన పెదనాయన ఏమైందని అడిగాడు.

"మన వీధి కట్టినా నాయనా. పూడ్చేసినారు."

ఆయన లైటు కింద పెట్టాడు. మెల్లగా కూర్చుని, ఒక మేడ గోడ మీది పచ్చి మట్టిని బొటనవేలితో తీసేశాడు.

"గోడ పోయింది. మెట్లు నిలిచినాయి."

"అమ్మ?"

"నిన్ను నా చేతికిచ్చి, నీ పండగ గౌను తెస్తానని మళ్లా పైకెక్కింది."

ఆయన ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. ఇన్నేళ్లు ఎందుకు దాచాడో మాకు అప్పుడు అర్థమైంది. అక్క ఆయన చెయ్యి వదల్లేదు. ఇద్దరూ కలిసి ఆ మెట్లు కట్టారు.

మరుసటి ఏడాది నుంచి ఆ సంఘం ఆడవాళ్లే వచ్చి, ఏ గోడ ఎంతవరకు కూల్చాలో అడిగి మరీ సాయం చేసేవాళ్లు.

అక్క మాత్రం మళ్లీ ఏ క్రిస్మస్‌కీ కొత్త బట్ట కట్టలేదు. మేం కొనిపెట్టినా, పోట్లాడినా, అన్నం మానేస్తామని బెదిరించినా సరే. నవ్వి బీరువాలో పెట్టేసేది.

ఈ రోజు పెట్టెలో పడుకోబెట్టే ముందు కొత్త తెల్లచీర కట్టాం.

ఈసారి వద్దనలేదు.

నాకు ఏడుపు ఆగడం లేదు అక్కా.

వెళ్లిరా. ప్రభువు నిన్ను మీ అమ్మ ఒడిలో చల్లగా ఉంచాలి.