హెలెన్ ప్రోగ్రాము, కోత పండుగ పద్దు

హెలెన్‌కి ఏదీ పారేసే అలవాటు లేదు. ఏడో తరగతిలో నా దగ్గర లెక్కలు నేర్చుకునేటప్పుడు కూడా తప్పు చేసిన కాగితాన్ని చింపేది కాదు. పక్కన పెట్టి, ఇంకో కాగితం మీద మొదటినుంచీ చేసేది. "పాతది ఎందుకే నీకు?" అంటే, "ఎక్కడ తప్పానో చూసుకోవద్దా టీచర్" అనేది. ఎం.సి.ఎ. చేసి, సింగరాయకొండ దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ లాబ్ అసిస్టెంటుగా కుదిరింది. జీతం నాలుగున్నర వేలు. ఆదివారం మాత్రం బస్సెక్కి మా ఊరి చర్చికి వచ్చేసేది.

చర్చికి పద్దుల ప్రోగ్రాము రాసిపెట్టిందీ ఆ పిల్లే. ఎవరో ఇచ్చిన పాత కంప్యూటరు ఒకటి ఉండేది మాకు. నల్లటి తెర, మౌసు లేదు. మాట టైపు చేసి ఎంటర్ కొడితే జవాబు వస్తుంది. నేను చర్చి సంఘానికి కార్యదర్శిని, ఊరుకుంటానా? "ఇదేం కంప్యూటరే, ఒక్క బొమ్మన్నా లేదు!" అన్నాను. "ఈ ముసలి డబ్బాకి బొమ్మలు మోసే ఓపిక లేదు టీచర్" అని నవ్వింది.

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అని ఒక పద్ధతట. నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. "శుభ్రంగా తుడిచిన కారం మర అనుకోండి. నిన్న ఎవరి కాయలు ఆడించిందో దానికి గుర్తుండదు. అవే కాయలు పోస్తే అదే కారం వస్తుంది. నా ప్రోగ్రాములో ముక్కలన్నీ అంతే. భయమల్లా ఫైళ్లు ముట్టుకునే చోటే" అంది. అందుకని ఫైళ్ల కోసం విడిగా మూడు చిన్న ముక్కలు రాసింది. మొదటిది ఫైలు అసలు ఉందో లేదో చూస్తుంది. రెండోది, మనం ఏదైనా దిద్దితే, పాత ప్రతిని చెరపకుండా పేరు చివర అంకె వేసి పక్కన పెడుతుంది. మూడోది ఫోల్డర్లో ఉన్న ఫైళ్లన్నీ తెచ్చి ఒకే పద్దుగా కలుపుతుంది. రెండో ముక్కంటే ఆమెకి మహా ముద్దు. "ఇక ఏదీ పోదు టీచర్" అని వందసార్లు చెప్పి ఉంటుంది.

2009 ఫిబ్రవరిలో కోత పండుగ వచ్చింది. మా సంఘం కింద ఆరు ఊళ్లున్నాయి. ప్రతి ఊళ్లోనూ జనం మిరపకాయలో, పత్తో, కోడో, గుమ్మడికాయో దేవుడి పేరున తెస్తారు, అక్కడే వేలం వేస్తారు. ఒక్కో ఊరి వేలం ఒక్కో కాగితం మీద రాసుకొస్తే, హెలెన్ ఊరికో ఫైలుగా ఎక్కించింది. డబ్బు మాత్రం కోశాధికారి ఏసోబు గారి చేతికి వెళ్లేది.

ఏసోబు గారు పత్తి మిల్లులో కాటా దగ్గర ముప్పయ్యేళ్లు పనిచేసి దిగిన మనిషి. రెండు వేళ్లతో, పెదవి కదపకుండా నోట్లు లెక్కపెడుతుంటే పిల్లలు చుట్టూ మూగేవాళ్లు. ఇరవై రెండేళ్లలో చర్చి పెట్టెలో రూపాయి తేడా రాలేదు. ఆ రోజు కూడా హెలెన్ పక్కన కూర్చుని తెర మీది పేర్లన్నీ చదివించుకున్నాడు. ఒకచోట ఆపాడు.

"ఆ కోడిని తెచ్చింది రెబ్కా అమ్మా. మొగుడి పేరు రాశావేంటి? పెంచింది ఆమె, ఇచ్చింది ఆమె. మార్చు."

హెలెన్ మార్చింది.

లెక్క తీస్తే పద్దులో 41,870 వచ్చింది. పెట్టెలో ఉన్నది 35,530. ఏసోబు గారు మూడుసార్లు లెక్కపెట్టాడు. హెలెన్ పదిసార్లు అడిగింది, కంప్యూటరు పదిసార్లూ అదే చెప్పింది. "అవే ఫైళ్లిస్తే అదే జవాబు రావాలి టీచర్, వస్తోంది" అంది. పదిసార్లు ఒకే మాట చెప్పింది గనక అది నిజమేనని కమిటీ తేల్చేసింది. ఆరు ఊళ్ల కాగితాలూ నా బీరువాలోనే ఉన్నాయి. కూర్చుని కూడితే పావుగంట పని. లెక్కల టీచర్ని! కూడలేదు. కొత్త కోశాధికారిని చూసుకోవాలన్న తీర్మానం మీద సంతకం మాత్రం పెట్టాను.

ఆయన దొంగ అని ఎవరూ నోరు తెరిచి అనలేదు. అనకపోవడమే అన్యాయం. అని ఉంటే పోట్లాడేవాడేమో. కోల్డ్ స్టోరేజీలో ధర కోసం ఉంచుకున్న మూడు టిక్కీ బస్తాల మిరపకాయలు అమ్మి, 6,340 రూపాయలూ తెచ్చి పాస్టరు అయ్యగారి చేతిలో పెట్టి, పెట్టె తాళం చెవి ఇచ్చేశాడు. నేను గేటు దాకా వెళ్లాను.

"నేను తియ్యలేదు టీచరమ్మా. ఎక్కడో పెట్టి మర్చిపోయుంటా. మా నాయనక్కూడా ఇట్టాగే మొదలైంది. ఆఖర్లో నన్నే ఎవరని అడిగాడు" అన్నాడు. తల ఊపాను. సిగ్గులేని పని.

ఇచ్చినవాళ్ల పేర్ల జాబితా చర్చి తలుపుకి అంటించడం మా ఆనవాయితీ. ఆ ఏడు జాబితా కంప్యూటరే తీసింది గానీ, గొడవల్లో పడి మూడు వారాలు ఆలస్యమైంది. అంటించిన రోజే రెబ్కా కూడబలుక్కుని చదివి నా మీదకొచ్చింది.

"ఇదేంది టీచరమ్మా! నా పేరున ఒక కోడి, మా ఆయన పేరున ఇంకో కోడి. మా ఇంట్లో ఉందే ఒక్క పెట్ట గదా! ఆయన ఎక్కడ్నించి తెచ్చాడు?"

పక్కనే ఉన్న హెలెన్ కాగితం వైపు చూసి, గబగబా లోపలికెళ్లి కంప్యూటరు తెరిచింది. ఆ పేరు దిద్దినప్పుడు ప్రోగ్రాము పాత ప్రతిని పక్కన పెట్టింది. పక్కన అంటే అదే ఫోల్డర్లో. ఫోల్డర్లో ఉన్నవన్నీ తెచ్చి కలిపే ముక్క, పాతదాన్నీ కొత్తదాన్నీ రెంటినీ కలిపేసింది. ఆ ఒక్క ఊరూ రెండుసార్లు పడింది. రెబ్కా వాళ్ల ఊరి వేలం ఎంతని కాగితం తీసి చూశాం. 6,340.

మరుసటి ఆదివారం ప్రసంగం ముగిశాక హెలెన్ లేచి నిలబడింది. పాత ప్రతులకి వేరే ఫోల్డరు ఆ రోజే పెట్టేసింది, అది రెండు నిమిషాల పని. నిలబడి చెప్పటమే కష్టమైంది.

"తప్పు ఏసోబు తాతయ్యది కాదు. నాది. ఆయన లెక్క మొదటినుంచీ సరిగ్గానే ఉంది" అని, జరిగింది జరిగినట్టు చెప్పింది. నేనూ లేచి, కాగితాలు నా దగ్గరే ఉన్నా చూడలేదని చెప్పాను. అయ్యగారు డబ్బు కవరూ తాళం చెవీ తీసుకుని ఏసోబు గారి దగ్గరికే వెళ్లి, "లెక్క చూసుకోండి, మళ్లీ మీరే ఉండాలి" అన్నారు.

తాళం చెవి ముట్టుకోలేదు ఆయన. కవరు విప్పి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పెదవులు కదులుతున్నాయి. సగంలో ఆగి, నోట్లన్నీ కలిపి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ ఆగాడు. జనమంతా చూస్తున్నారు. ఆ కట్ట హెలెన్ వైపు చాచాడు.

"నువ్వోసారి చూడమ్మా. ఎంతుందో నాకు తెలీటం లేదు."