జుహైర్ మందుల షాపు దగ్గర ఎడమకి

బద్రి మావయ్య ఇరవై రెండేళ్లు అంబులెన్సు నడిపాడు, ఒక్క వీధి పేరు కూడా తెలియకుండా. ఆ మాటకొస్తే మా మీనాలో ఎవరికీ తెలియదు. లెబనాన్ ఉత్తరాన సముద్రాన్ని ఆనుకున్న ఇంత పాత రేవులో వీధులకు పేర్లుండటం అవసరమని ఎవరికీ తోచలేదు. మునిసిపాలిటీ వాళ్లు ఎప్పుడో గోడలకు నీలం పలకలు బిగించారు గానీ, వాటిని చదివినవాళ్లను నేను చూడలేదు. ఫోన్ చేసేవాళ్లు "మా నాన్న పడిపోయాడు, నజ్మా సినిమా దాటాక, వలలు అల్లేవాళ్ల సందులో, పచ్చ తలుపు" అంటారు. నజ్మా సినిమా హాలు మూతపడి ముప్ఫయ్యేళ్లయింది, అక్కడిప్పుడు టైర్లు అమ్ముతారు. పచ్చ తలుపుకు గోధుమరంగు వేసి కూడా చాలా కాలమైంది. మావయ్య మాత్రం నాలుగు నిమిషాల్లో ఆ గుమ్మంలో ఉండేవాడు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. యాభై రెండేళ్లు, పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. గట్టిగా మాట్లాడటం ఎరగడు. ఆయన గొంతు లేచేది ఒక్కచోటే, జుహైర్ మందుల షాపు ముందు. అయిదంతస్తుల పాత భవనం కింద, మూలమీద ఉండేది ఆ షాపు. రేవువైపు వెళ్లే దారులన్నీ అక్కడే ఎడమకి తిరుగుతాయి. జుహైర్, మావయ్య బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. మావయ్య కాఫీకి ఆగినప్పుడల్లా అంబులెన్సును సరిగ్గా గుమ్మానికి అడ్డంగా పెట్టేవాడు.

"నీ ఏనుగును తియ్యరా అక్కణ్ణుంచి! జనం నా మందులు మింగి పోయారనుకుంటారు."

"అనుకోనీ. ఉన్నమాటేగా."

"దగ్గు బిళ్లలు కావాలా, వద్దా?"

"కావాలి."

"అయితే నోరు మూసుకుని లోపలికి రా."

పోయిన ఫిబ్రవరిలో వారం రోజులు వాన కురిసి, ఒక మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఆ భవనం కూలిపోయింది. మావయ్య ముప్ఫయ్యొక్క గంటలు అక్కడే ఉన్నాడు. తొమ్మిది మందిని బతికుండగా ఆసుపత్రికి చేర్చాడు. జుహైర్‌ని రెండోరోజు బయటికి తీశారు. ఆ ప్రయాణానికి సైరన్ అక్కర్లేదు. మావయ్య సైరన్ వేసుకునే నడిపాడట. ఎవరూ ఆపమనలేదు.

తర్వాత ఆయన ముందుగా మరిచిపోయింది ఉప్పు. రబాబ్ అత్తయ్య ఉప్పు తెమ్మంటే సబ్బు తెచ్చాడు. అందరం నవ్వాం. అత్తయ్య ఆ సబ్బును కూరలో వేస్తానని బెదిరించింది కూడా. రెండోసారి నవ్వలేదు. అడిగిందే మూడుసార్లు అడిగేవాడు. తడి సిమెంటు వాసన తగిలితే భోజనం మధ్యలో లేచిపోయేవాడు. జూన్‌లో గుండెనొప్పి వచ్చిన ఒకావిడను తీసుకెళ్తుంటే, గడియారం స్తంభం దగ్గర పచ్చ దీపం వెలిగినా బండి కదలలేదు. వెనకాల రోగి దగ్గరున్న సహాయకురాలు హనాది అద్దం తట్టింది.

"బాబాయ్, ఏమైంది? పోనివ్వు."

"ఎటు?" అన్నాడు మావయ్య. "ఆసుపత్రికి ఎటు తిరగాలమ్మా?"

ఆ మలుపు ఆయన కొన్ని వేలసార్లు తిరిగి ఉంటాడు. హనాది ముందుకొచ్చి తనే నడిపింది. గుండెనొప్పి ఆవిడ బతికింది. ఆ సాయంత్రం మావయ్య ఎవరూ అడక్కుండానే తాళాలు ఆఫీసు బల్లమీద పెట్టేశాడు. ఆయన్ని కట్టుగుడ్డలూ దూదీ దాచే కట్ల గదిలో వేశారు. "అక్కడ ఏదీ కదలదు" అని ఒకసారి అమ్మతో అన్నాడు. అది మెచ్చుకోలో, ఫిర్యాదో అమ్మకు తెలియలేదు.

అంబులెన్సు సంఘం ఆయన్ని డాక్టర్ మార్లీన్ దగ్గరికి పంపింది. ఆవిడ మంగళవారం మంగళవారం కొండల అవతలి జహ్లె ఊరి నుంచి వచ్చి అగ్నిమాపక దళం వాళ్లకు, అంబులెన్సు వాళ్లకు చెదిరిన జ్ఞాపకాన్నీ ధ్యాసనూ తిరిగి కూడదీసుకోవడం నేర్పేది.

"మీ మెదడుకేం కాలేదు, బద్రి గారూ. అది ఇంకా ఆ శిథిలాల దగ్గరే కాపలా కాస్తోంది. మిగతా పనులకు దాని చేతులు ఖాళీ లేవు. ఒక్కో చెయ్యీ నెమ్మదిగా విడిపిద్దాం" అందట మొదటిరోజు.

విడిపించే పద్ధతులు చాలా చిన్నవి. అంకెలు విని వెనకనుంచి చెప్పడం. పొద్దున చెయ్యాల్సిన మూడు పనులు పైకి చదివి, ఒక్కోటి అయ్యాక కొట్టెయ్యడం. కంగారు పుడితే రెండు పాదాలతో నేలను తట్టి, కళ్లముందున్న అయిదు వస్తువుల పేర్లు చెప్పడం. పన్నెండు వారాలయ్యాక రోడ్డుమీద పరీక్ష. నెగ్గితే మళ్లీ స్టీరింగు. లేకపోతే పెన్షను దాకా కట్ల గదే.

నాలుగోవారం ఇచ్చిన ఇంటిపని దారులు చెప్పడం. ఊళ్లో పద్నాలుగు చోట్లు ఇచ్చి, ఒక్కోదానికి ఎలా వెళ్తారో రాసుకు రమ్మంది.

"సాహిత్యం చదివే పిల్లవి, నువ్వు రాయి" అన్నాడు మావయ్య నాతో. వాళ్ల వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాను. ఆయన కళ్లు మూసుకుని నడిపించాడు. ఐసు ఫ్యాక్టరీ దగ్గర కుడికి, సబ్బు కొట్టు దాటి, గుర్రాలకు నీళ్లు పెట్టేచోట ఎడమకి. ఆయన అంతసేపు ఆగకుండా మాట్లాడటం ఫిబ్రవరి తర్వాత అదే మొదలు.

మంగళవారం కాగితాలు వెనక్కొచ్చాయి. పద్నాలుగింటిలో పదకొండు దారుల మీద ఎర్ర సున్నాలు. డాక్టరమ్మ పటం ముందు పెట్టుకుని సరిచూసిందట. సినిమా లేదు. ఐసు ఫ్యాక్టరీ లేదు. గుర్రాలు అసలే లేవు. లేనివి ఉన్నట్టు గుర్తుండటం మంచి లక్షణం కాదని, పరీక్ష కొన్ని నెలలు వెనక్కి జరిపితే మేలని మెత్తగా చెప్పిందట.

"నా బుర్రలో ఉన్న ఊరు అసలు లేదట" అన్నాడు మావయ్య. రొట్టె ముట్టలేదు.

రబాబ్ అత్తయ్య కాగితాలు లాక్కుని ఒక్కో ఎర్ర సున్నా చూసింది. "ఎవరికి లేదట? జహ్లె వాళ్లకా?" అంది. తర్వాతి మంగళవారం ఒక డబ్బా నిండా ఖర్జూరం బిస్కెట్లు పెట్టుకుని, సాక్ష్యానికి నన్ను వెంటబెట్టుకుని, మావయ్య కంటే ముందు గదిలోకి వెళ్లి కూర్చుంది.

"తినండి డాక్టరమ్మా. పొద్దున్నే బయల్దేరి ఉంటారు. బస్సు దిగాక ఇక్కడికెలా వచ్చారు?"

"టాక్సీలోనండి."

"టాక్సీవాడికి ఏం చెప్పారు?"

"నజ్మా సినిమా వెనకాల అని..."

బిస్కెట్టు సగంలో ఆగిపోయింది.

"ఏదీ, సినిమా చూపించండి" అంది అత్తయ్య. "అదిగో కిటికీ. పోనీ, ఏం ఆట ఆడుతోందో చెప్పండి. మేమూ పోతాం."

డాక్టర్ మార్లీన్ లేచి కిటికీలోంచి చూసింది. కింద వరసగా టైర్లు.

"ఆఫీసులో అమ్మాయి అలా చెప్పమంది" అంది నెమ్మదిగా. "ఆరు నెలలుగా చెబుతున్నాను. ఒక్కరోజు కూడా సినిమా ఎక్కడా అని చూసుకోలేదు."

"చూసుకోనక్కర్లేదు. టాక్సీవాడికి తెలుసు. మా ఆయనకీ తెలుసు."

డాక్టరమ్మ నవ్వడం మొదలుపెట్టి కళ్లజోడు తీసేదాకా నవ్వింది. మావయ్య కూడా, గుమ్మం దగ్గర నిలబడే, నవ్వాడు. అప్పుడు ఆవిడ పటం బల్లమీద పరిచి, ఆయన చేతికి పెన్సిలిచ్చి, నన్ను చదవమంది. నేను చదువుతుంటే ఆయన గీశాడు. పద్నాలుగు దారులూ చేరాల్సిన గుమ్మానికే చేరాయి.

కానీ ఆవిడ నవ్వు తగ్గిపోయింది. నాలుగు గీతలు ఒకే మూల దగ్గరికొచ్చి, ముట్టుకోకుండా, చేపల బజారు చుట్టూ తిరిగి, స్మశానం గోడ వెంట వెళ్లి మళ్లీ దారిలో పడ్డాయి. ఒక్కోటీ నాలుగైదు నిమిషాలు ఎక్కువ.

"ఇది మరుపు కాదు" అందావిడ. "బద్రి గారూ, ఈ మూలమీద ఏముంది?"

"ఏమీ లేదు."

"ఏముండేది?"

మావయ్య పెన్సిలు బల్లమీద పెట్టి, అది దొర్లిపోకుండా వేలితో పట్టుకున్నాడు. రబాబ్ అత్తయ్య బిస్కెట్ల డబ్బాకు మూత పెట్టేసింది. ఆ మూలను మేమెవరమూ పేరుపెట్టి పిలవడం లేదని నాకు అప్పుడే తట్టింది. ఆయన ముందు అందరం "అటుపక్క" అనేవాళ్లం. ఆయన బాధపడకూడదని.

పరీక్ష వెనక్కి జరపలేదు. మిగిలిన వారాలు గదిలో కాకుండా బయట నడిచాయి. అందులో మొదటివారం చేపల బజారు చివర నిలబడి, దూరాన కూలినచోటు చుట్టూ వేసిన కంచె కనబడుతుంటే, మావయ్య పాదాలతో నేల తట్టి అయిదు వస్తువులు చెప్పాడు. ఒక పిల్లి, రెండు పడవ చుక్కానులు, ఇంకేవో. వారానికో యాభై అడుగులు. కంచె పక్కన కాక్ రొట్టెలమ్మే అతను బండి పెట్టుకున్నాడు. పదకొండోవారం మావయ్య అక్కడిదాకా వెళ్లి ఒక కాక్ కొని, సగం డాక్టరమ్మకిచ్చి, వెనక్కొచ్చేశాడు. ఆ షాపు పేరు మాత్రం పలకలేదు.

పరీక్ష నవంబరులో, గురువారం పొద్దున పదింటికి. రోగి కావాలన్నారు. నాకు మాట్లాడే పనుండదని చెప్పి నన్ను పడుకోబెట్టారు. హనాది నాకు బెల్టులు బిగించింది.

"ఊపిరి తీసుకోవచ్చులే" అంది. "నువ్వింకా పోలేదు."

ముందుసీట్లో సంఘం పెద్దాయన గడియారం పట్టుకుని కూర్చున్నాడు. చేరాల్సింది ఐసు ఫ్యాక్టరీ వెనక రెండో సందు. గడువు ఎనిమిది నిమిషాలు. చేపల బజారు చుట్టూ తిరిగితే పన్నెండు. డ్రైవరు ప్రతి మలుపూ రేడియోలో చెప్పాలి, రేడియో గదిలోవాళ్లు దాన్నే తిరిగి చెప్పాలి, అది ఇక్కడి పద్ధతి. గదిలో నిహాద్ ఉన్నాడు, నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అక్కడే ఉన్నాడు.

నాకు కనిపించేది తెల్లటి కప్పు మాత్రమే. మలుపులు నడుంకింద తెలిసేవి.

"నజ్మా సినిమా దాటాను."

"నజ్మా సినిమా దాటావు, విన్నాను."

"సబ్బు కొట్టు దగ్గర కుడికి."

"సబ్బు కొట్టు దగ్గర కుడికి, విన్నాను."

ఆ తర్వాత బండి నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. కాక్ అమ్మే అతని బూర వినిపించింది, చాలా దగ్గర్నుంచి. బండి ఆగిపోయింది. హనాది అవసరం లేకపోయినా నా మణికట్టు పట్టుకుని నాడి చూస్తోంది. ఆవిడ వేళ్లు చల్లగా ఉన్నాయి.

"బద్రీ, ఎక్కడున్నావ్?" అన్నాడు నిహాద్.

గడియారం చప్పుడు నాకు వినిపించిందంటే అది నా ఊహే అయ్యుంటుంది. డ్రైవరు సీటు కింద రబ్బరు చాప మీద చెప్పులు రెండుసార్లు తట్టిన చప్పుడు మాత్రం నిజంగానే విన్నాను.

"జుహైర్ మందుల షాపు దగ్గర ఎడమకి" అన్నాడు మావయ్య.

ఈసారి రేడియో మాట్లాడలేదు. నిహాద్ కూడా ముప్ఫయ్యేళ్లు ఆ షాపులోనే మందులు కొన్నవాడు. అతని కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

"జుహైర్ మందుల షాపు దగ్గర ఎడమకి" అన్నాడు. "విన్నాను. విన్నాను బద్రీ."

నా ఒళ్లు ఒకపక్కకి ఒరిగింది.

ఏడు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. పెద్దాయన కాగితంమీద రాసుకుంటూ, "ఆ మూల దగ్గర పందొమ్మిది సెకన్లు ఆగావు. అదెందుకు?" అనడిగాడు.

"అక్కడ ఆగితే వాడు తిట్టేదాకా తియ్యను" అన్నాడు మావయ్య. "అలవాటు. ఇకమీద తీస్తాలెండి."

పెద్దాయన రాసింది కొట్టేసి ఇంకేదో రాశాడు. మూడు నెలలు పగటిపూట మాత్రమే, హనాది పక్కన ఉండగా నడపాలన్నారు. మావయ్య సరేనన్నాడు. తాళాలు ఇచ్చినప్పుడు వాటిని జేబులో వేసుకోకుండా ఇంటిదాకా చేత్తోనే పట్టుకొచ్చాడు.

ఉప్పు ఇప్పటికీ మరిచిపోతాడు. కొన్ని రోజులు సిమెంటు వాసనకు లేచిపోతాడు, కొన్ని రోజులు లేవడు. మేం మాత్రం "అటుపక్క" అనడం మానేశాం.

క్రితం వారం అక్కార్ కొండల్నుంచి కొత్తగా కాపురానికొచ్చిన ఒకమ్మాయి ఫోన్ చేసిందట, అత్తగారు స్నానాలగదిలో జారిపడ్డారని.

"ఎక్కడమ్మా?" అన్నాడు నిహాద్, ఫోను స్పీకరులో పెట్టి.

"జుహైర్ మందుల షాపు దాటాక మూడో ఇల్లు."

"ఆ షాపు నువ్వు చూశావా?"

"లేదండీ, అందరూ అలాగే చెప్పమంటారు. మీవాళ్లకు తెలియదా?"

తెలుసమ్మా అని నిహాద్ అనేలోపే, బయట మావయ్య బండి స్టార్ట్ చేశాడట.