టార్పాలిన్ కింది సీసం

తప్పు నాదే. చేయించింది మాత్రం మా నాన్న.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పత్రికాఫీసులో నేను అనువాదాలు చేస్తాను. ఆ రోజు నా బల్ల మీదికి అణుశక్తితో నడిచిన ఒక ముసలి యుద్ధనౌక సంగతి వచ్చింది. దాన్ని పక్కన పెట్టి విడగొట్టడానికి కోట్లకు కోట్లు ఖర్చవుతుందట, రియాక్టర్ ఉన్న భాగాన్ని ఏళ్ల తరబడి కాపలా కాయాలట. నాకు బుర్ర తిరిగింది. వన్ టౌన్‌లో పాత ఇనుము కొట్లో పెరిగినదాన్ని. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని వింటూ పెరిగాను. అంత ఇనుమును వదిలించుకోవడానికి ఎదురు డబ్బివ్వడమేమిటి? రాసినవాడే ఆదాయాన్ని ఖర్చని రాసుంటాడనుకున్నాను.

నాన్నకు ఫోన్ చేసి అడిగాను. తుక్కు గురించి ఏదడిగినా టక్కున చెప్పే మనిషి, ఏ ఓడ, ఎవరు కోస్తారు అని రెండుసార్లు అడిగాడు. తర్వాత, డబ్బు వస్తుందనే రాయమన్నాడు. అలాగే రాశాను. అచ్చయింది.

మర్నాడు ఎడిటర్ గారు, మీకు ఇంగ్లీషు రాదా, లెక్కలు రావా అని అందరి ముందూ అడిగారు. ఆ మంటతోనే ఆటో ఎక్కి కొట్టుకు వెళ్లాను. మోకాళ్లు సహకరించక నాన్న అప్పటికే సరుకంతా అమ్మేశాడు. అద్దె గోడౌన్ మాత్రం ఎందుకు ఖాళీ చెయ్యడో మా ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

నా గోడంతా విని, గోడౌన్ వెనక మూలకు తీసుకెళ్లి టార్పాలిన్ ఎత్తాడు. బిందెంత సీసపు డబ్బా. నేను పుట్టకముందు, మూతపడిన ఏదో ఆసుపత్రి సామానుతో కలిపి కొన్నాడట. సీసం కదా, మంచి ధర పలుకుతుందని సంబరపడ్డాడట. కోయబోతుంటే ఎవరో ఆపి, అది క్యాన్సర్ వైద్యం చేసే మిషన్‌లోది, లోపల రేడియేషన్ వెదజల్లే ఆ మాయదారి పదార్థం ఇంకా ఉండొచ్చన్నారట. అమ్మితే కొన్నవాడు కోస్తాడు. చెబితే పోలీసులొస్తారు. అందుకని దాచేశాడు. ఫోన్‌లో ఖర్చే అంటే నీకెలా తెలుసని అడుగుతానని, డబ్బు వస్తుందనేశాడట.

చిన్నప్పుడు ఆ గోడౌన్‌లో దాగుడుమూతలు ఆడేదాన్ని. ఆ మూలకు వెళ్తే మాత్రం వీపు విమానం మోత మోగించేవాడు. పాములున్నాయనేవాడు.

"లోపల ఉందా, లేదా నాన్నా?"

"తెలీదమ్మా. లేకపోతే ఇన్నేళ్లూ ఊరికే భయపడ్డట్టు. ఉంటే..." అంటూ టార్పాలిన్ మళ్లీ కప్పేశాడు.

నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. ఎవరికైనా చెబుదామన్నాను. అలాంటివి ఎవరు తీసుకెళ్తారో నేను అనువాదం చేసిన ఆ ఓడ కాగితంలో రాశారా అని అడిగాడు. రాయలేదు.

"నేనున్నంతవరకూ అద్దె కడతాను. తర్వాత నువ్వు కట్టు. తెరవొద్దు, ఎవరికీ అమ్మొద్దు."

సరేనన్నాను. దేనికి ఒప్పుకున్నానో నాకే అర్థం కాలేదు. ఏ ఆఫీసుకు ఫోన్ చెయ్యాలో, చేస్తే నాన్ననేం చేస్తారో ఇప్పటికీ తేలడం లేదు.

పత్రికలో సవరణ నా చేతే రాయించారు. ఆదాయం అని పొరపాటున వచ్చింది, ఖర్చు అని చదువుకోగలరు. అది వచ్చిన రోజు పొద్దున్నే నాన్న ఫోన్ చేశాడు.

"ఇప్పుడు సరిగ్గా రాశావమ్మా," అన్నాడు.